తొంభై ఏడో చుట్టు

తొంభై ఏడో చుట్టు దగ్గర ఫోను మోగింది.
చూడక్కర్లేదు, పదకొండు కొట్టాక మోగేది సైదాయే.
రోజుకి మూడొందలు, వంద రోజులు.
ఇవాళ అరవై రెండోది.
"సాయంత్రం రా తమ్ముడూ" అని పెట్టేసేసరికి
తొంభై ఏడా, తొంభై ఎనిమిదా?
రాగితీగ దగ్గర అబద్ధం చెల్లదు,
ఒక్క చుట్టు తప్పినా వేడెక్కి బయటపెడుతుంది.
విప్పాను. మళ్ళీ ఒకటి నుంచి.

సంగడిగుంటలో ఆరడుగుల కొట్టు,
ఎబెనెజరు మోటార్ వైండింగ్ వర్క్స్.
బోర్డు రాసినవాడికి ఇంకా రెండొందలివ్వాలి.
ఎవరి మోటారో కాలితేనే మా పొయ్యి వెలిగేది.
ఏప్రిల్లో లో వోల్టేజీకి
ఊరంతా కరెంటాఫీసుని తిడుతుంటే
నేను తలొంచుకుని లోపల్లోపల స్తోత్రం చెప్పుకుంటాను.
తప్పే. ఆయనకీ తెలుసు నా అవసరం.

ఇప్పుడు శ్రావణం, వారం నుంచి ముసురు.
మిర్చియార్డు ఘాటు కూడా తడిసి నేలకి దిగింది.
ప్రత్తిపాడు వైపు నుంచి ఒక్క మోటారు రాదు,
చేలకి నీళ్ళు పైనుంచే పడుతున్నాయి.
కూలర్లు అటకెక్కాయి.
తీగ అరువిచ్చిన పట్నంబజారు సేటుకి మాత్రం
ముసురు పట్టిందని ఎవరూ చెప్పినట్టు లేదు.

రాత్రి కంచాలు తీశాక
సువార్త లెక్కల పుస్తకం తెస్తుంది,
కెజియా ఒకటో తరగతిలో సగం రాసి వదిలేసింది.
ముందు పేజీల్లో ఆపిల్ పళ్ళు,
వెనక పేజీల్లో మేము.
సిలాసు నెలలు నిండకుండా పుట్టి
అద్దాలపెట్టెలో పడుకున్న పదకొండు రోజులు,
అదొక్కటే అసలు అప్పు. మిగతావన్నీ దాని పిల్లలు.
దాన్ని తీర్చడానికి ఇది,
దీని వడ్డీకి ఇంకోటి,
ఆ ఇంకోదానికి సైదా.

తలా కాస్త ఇచ్చి మాట దక్కించుకుందామంటాను.
ఆమె చెవి మీది పెన్సిలు తీస్తుంది.
కమ్మలు బ్యాంకులో ఉన్నాయి, చెవులకి చీపురుపుల్లలు.
"తలా గరిటె పోస్తే ఎవరి ఆకలీ తీరదు.
నా కమ్మలది రూపాయి వడ్డీ, పడుండనీ.
ముందు రత్తమ్మగారి ఐదు రూపాయల వడ్డీ తెంచు.
బ్యాంకోళ్ళు ఫోన్లో అడుగుతారు,
ఆవిడ మన గుమ్మంలో కూచుని అడుగుతుంది.
పిల్ల వింటోంది."

పిల్ల వింటూనే ఉంది,
తీసివేతలు చేస్తూ.
ఐదులోంచి ఎనిమిది పోదు కదా,
పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోమన్నారట టీచరు.
నాలుగు మీద గీత కొట్టి
నెత్తిన చిన్న మూడు పెట్టింది.
"నాన్నా, మళ్ళీ ఎప్పుడిచ్చేస్తుంది దానికి?"
సువార్త నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు.
"ఇవ్వక్కర్లేదమ్మా... లెక్కల్లో."
"పాపం నాలుగు" అంది.

దీపం ఆర్పాక కూడా ఆ నాలుగే కళ్ళలో.
ఒంటి మీద గీత,
నెత్తిన తనకన్నా చిన్న అంకె,
అయినా పదుల స్థానంలోంచి కదల్లేదు.

శనివారం, ఏడాదిగా పోగేసిన కాలిన రాగి
తుక్కుకి వేసి
రత్తమ్మగారికి అసల్లో నాలుగు వేలు జమకట్టాను.
రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
టీ తాగి వెళ్ళమంది. తాగాను. పంచదార ఎక్కువైంది.

కొట్టు దగ్గరికొచ్చేసరికి షట్టరు ముందు సైకిలు,
గోనెసంచిలో గ్రైండరు మోటారు,
వానకి తడిసి వణుకుతూ టిఫిను బండి కోటయ్య.
వాసన చూశాను. కాలిన వార్నీషు.
తెల్లారి పిండి రుబ్బకపోతే బండి లేదన్నాడు,
వంద చేతిలో పెట్టి
మిగతాది ఆదివారం, ఒట్టు, అన్నాడు.
ఆ గొంతు నాకు తెలుసు. అది నాదే.

సువార్తకి ఫోను చేసి రాయమన్నాను.
"ఏ పక్కన?" అంది.
మాకు రావలసినవాటికి ఆ పుస్తకంలో
ఇన్నాళ్ళూ పక్కే లేదు.

సైలెంట్లో పెట్టి, తీగ కొస వెతికి పట్టుకున్నాను.
ఒకటి.
రెండు.